పాట పాడే ముఖం

పిల్లలూ!

పోయిన నెల మనం కెమేరా కన్నును గురించీ, మన కన్నును గురించీ చెప్పుకున్నాం. ఈ నెల ఆ కెమేరా వెనకాల నిలబడి నేను చేసిన ఒక తప్పును గురించి చెబుతాను. పెద్దవాళ్లు తప్పులు చేయరని మీలో ఎవరైనా అనుకుంటూ ఉంటే, ఇది చదివాక ఆ భ్రమ కాస్తా వదిలిపోతుంది.

నంద్యాలలో మా చిన్న స్టూడియో సంగతి మీకు తెలుసు కదా! ముఖాలను ఫొటో తీయటమే నా పని. హాల్‌టికెట్ల ఫొటోలూ, పాస్‌పోర్టు ఫొటోలూ, పెళ్లిచూపుల ఫొటోలూ - ఇలా ఇన్నేళ్లలో ఎన్ని వేల ముఖాలు చూశానో లెక్కలేదు. అందుచేత ముఖాలను గురించి నాకు తెలియనిది ఏమీ లేదని నా నమ్మకం.

ఒకనాటి మధ్యాహ్నం ఆళ్లగడ్డనుంచి ఒక శిల్పి తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆళ్లగడ్డ శిల్పులను గురించి మీరు వినే ఉంటారు. అక్కడ వీధి పక్కన పోతూ ఉంటే చాలు, ఉలి చప్పుడు వినబడుతుంది. దేవుళ్ల విగ్రహాలూ, నాయకుల విగ్రహాలూ చెక్కి ఎక్కడెక్కడికో పంపుతారు. ఆ రాతిపనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే, ఆళ్లగడ్డ శిల్పం అనే పేరు వేరేచోట చేసిన వస్తువుకు పెట్టటానికి వీలులేదన్నమాట.

ఆ అమ్మాయికి పదమూడేళ్లు. వాళ్ల అవ్వ దగ్గర పాటలు నేర్చుకున్నది. తర్వాత ఒక మాస్టరుగారి దగ్గర సంగీతం మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఊళ్ల గుళ్లలో పాడి, అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్నది. ఎవరో ఆమె పాటను ఫోనులో పట్టి పంపితే, అది చాలా ఊళ్లు తిరిగి మా ఇంటికి కూడా వచ్చింది. నంద్యాలలో జరగబోయే సంగీతసభలో అరగంటసేపు ఒంటరిగా పాడమని ఆమెను పిలిచారు. పెద్ద పెద్ద విద్వాంసులు పాడే సభ అది! కరపత్రంలోనూ, ఫ్లెక్సీలోనూ వేయటానికి ఫొటో కావాలని వచ్చారు.

నేను ఆ పిల్లను స్టూలుమీద కూర్చోబెట్టాను. వెనక నీలంతెర, ఎదురుగా రెండు గొడుగు లైట్లు.

"గడ్డం కాస్త పైకమ్మా! భుజం ఇటు తిప్పు. కదలకు. ఇప్పుడు నవ్వు!" అన్నాను.

ఆమె నవ్వింది గాని, పెదవులు మూసి నవ్వింది. ముందుపన్ను ఒకటి పక్కదానిమీదికి ఎక్కి ఉన్నది. అది కనబడకూడదని కాబోలు! పాతిక ముప్పై ఫొటోలు తీసి, వాటిలో ఒకటి ఏరి, కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆ పిల్ల నల్లగా ఉంటుంది. ముఖాన్ని తెల్లగా చేశాను. నుదుటిమీద చిన్న గాటు ఉంటే తుడిచేశాను. పెదవుల మధ్య తొంగిచూస్తున్న పన్నును సరిచేశాను. ఎవరూ అడగకుండానే ఈ పనులన్నీ చేయటం నాకు అలవాటు. అలా చేస్తే అందరూ సంతోషిస్తారని అనుకునేవాణ్ణి.

ఫొటో చూపించాను. ఆ పిల్ల దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, "బాగుంది సార్. అయితే సభలో గూడ నేను ఇట్లనే ఉండాల్నా?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. "అంటే ఏమిటమ్మా?" అన్నాను.

"ఫ్లెక్సీ చూసి అందరూ ఈ పాప వస్తాదనుకుంటారు కదా సార్. వచ్చేది నేను!" అన్నది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను పాడను నాయనా, ఇంటికి పోదాం" అన్నది.

నా గుండె గతుక్కుమన్నది. ఆమె తండ్రి కూతురి తలమీద చెయ్యి వేసి నాతో, "కోపం చేసుకోవద్దు సార్! దీంట్లో మా పాప గొంతు లేదు" అన్నాడు.

నాకు కాస్త రోషం వచ్చింది. "ఫొటోలో గొంతు ఎట్లా వస్తుందయ్యా?" అన్నాను.

"రాతిలో వచ్చేటప్పుడు ఫొటోలో ఎందుకు రాదు సార్? ఆదివారం మా ఊరికి రాండి, చూపిస్తా" అని చెప్పి, కూతుర్ని తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ పిల్ల నిజంగానే సభలో పాడటం మానేస్తే ఆ పాపం నాదే కదా! లేచి, అలమరలో ఉన్న ఒక ఫొటోల పుస్తకం తీశాను. అది ఒక ఫొటోగ్రాఫరు, అప్పుడప్పుడే పైకి వస్తున్న ఒక పాటగాడి వెంట తిరిగి తీసిన ఫొటోల పుస్తకం. ఆ కథ మీకు చెబుతాను.

అమెరికాలో ఎల్విస్ ప్రెస్లీ అని ఒక గాయకుడు ఉండేవాడు. పేదవాళ్ల ఇంట పుట్టి, లారీ నడుపుకుంటూ పాడటం మొదలుపెట్టాడు. 1956లో అతనికి 21 ఏళ్లు. అతని పాటలు అచ్చువేసే రికార్డుల కంపెనీకి ప్రచారం కోసం కొన్ని ఫొటోలు కావలసివచ్చాయి. వాళ్లు ఆల్‌ఫ్రెడ్ వెర్ట్‌హైమర్ అనే ఫొటోగ్రాఫరును పిలిచారు. అతనికి అప్పుడు 26 ఏళ్లు. జర్మనీలో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో అమెరికాకు వచ్చినవాడు. ఎల్విస్ పేరు అతను అదివరకు వినలేదు!

1956 మార్చి 17న న్యూయార్కు నగరంలో ఎల్విస్ టెలివిజన్‌లో పాడబోతున్నాడు. వెర్ట్‌హైమర్ అక్కడికి వెళ్లాడు. అతను నాలాగా స్టూలు వేసి, లైట్లు పెట్టి, "నవ్వు" అనలేదు. అసలు ఏమీ అనలేదు. ఎల్విస్ వెంట ఊరికే నడిచాడు. హోటలు గదికి వెళ్లాడు. అభిమానుల ఉత్తరాలు చుట్టూ పడి ఉండగా సోఫామీద ఎల్విస్ నిద్రపోతుంటే ఫొటో తీశాడు. గడ్డం గీసుకుంటూ, తల దువ్వుకుంటూ ఉంటే, ఆ గదిలోకి కూడా రావచ్చునా అని అడిగి, రమ్మన్నాక వెళ్లి తీశాడు. గదిలో ఎంత వెలుతురు ఉంటే అంతటితోనే సరిపెట్టుకున్నాడు. ఫ్లాషు వెలిగిస్తే కళ్లు మిరుమిట్లు గొలిపి, మనిషికి కెమేరా గుర్తుకు వస్తుంది. వెలిగించకపోతే కాసేపటికి మరిచిపోతాడు.

కంపెనీకి కావలసిన ఫొటోలు అంతటితో అయిపోయాయి. అయినా వెర్ట్‌హైమర్‌కు ఆసక్తి తీరలేదు. జూన్ నెలాఖరులో మళ్లీ ఎల్విస్ వెంట పడ్డాడు. జూలై 1న టెలివిజన్‌లో ఎల్విస్ చేత పెద్దమనిషి కోటు తొడిగించి, ఒక కుక్కకు ఎదురుగా నిలబెట్టి పాడించారు. జనం నవ్వారు. మరునాడు, అంటే జూలై 2న, ఎల్విస్ రికార్డింగు గదికి వెళ్లి ఆ పాటనే 30 సార్లకు పైగా పాడాడు! ఒకసారి పాడటం, పాడినది వినటం, తృప్తి లేక మళ్లీ పాడటం - ఇదే వరస. పాడిన పాటను తలవంచుకుని వింటున్న ఎల్విస్ ముఖం ఆ ఫొటోలలో ఉన్నది. నిన్న జనం నవ్విన మనిషి ఇతనే అంటే నమ్మబుద్ధి కాదు. పరీక్షలో లెక్క తప్పి, మళ్లీ మొదటినుంచీ వేస్తున్న పిల్లవాడి ముఖంలాగా ఉంటుంది.

అక్కడినుంచి ఇద్దరూ రైలెక్కారు. ఎల్విస్ ఉండే మెంఫిస్ నగరానికి ఒక పగలూ ఒక రాత్రీ దాటి ప్రయాణం. రైలులో ఎల్విస్ ఒక పెద్ద పాండా బొమ్మను చంకన పెట్టుకుని తిరిగి తోటి ప్రయాణికులను నవ్వించాడు. ఊరి పొలిమేరలో రైలు ఆగగానే దిగి, చేతిలో కొత్త పాటల రికార్డులు పట్టుకుని, గడ్డిలో నడిచి ఇంటికి పోయాడు. వెర్ట్‌హైమర్ ఇవన్నీ తీశాడు. జూలై 4 రాత్రి మెంఫిస్‌లో పెద్ద కచేరీ జరిగింది. ఆ తర్వాత ఎల్విస్ అంత గొప్పవాడయిపోయాడు గనక, ఏ ఫొటోగ్రాఫరూ మళ్లీ అంత దగ్గరగా వెళ్లలేకపోయాడు.

చిత్రం ఏమిటంటే, తర్వాత దాదాపు ఇరవై ఏళ్లపాటు ఆ ఫొటోలను గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వెర్ట్‌హైమర్ నెగటివులను జాగ్రత్తగా దాచుకుని, వేరే పనులు చేసుకున్నాడు. 1977లో ఎల్విస్ చనిపోయాడు. అప్పుడు పత్రికలవాళ్లకు వెర్ట్‌హైమర్ గుర్తుకు వచ్చాడు. 2010లో ఆ ఫొటోలను అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో, ప్రసిద్ధుల ముఖచిత్రాలు ఉంచే జాతీయ ప్రదర్శనశాలలో పెట్టారు. వెర్ట్‌హైమర్ 2014లో కన్నుమూశాడు. నవ్వమని చెప్పి తీసిన ఫొటోలయితే అంతకాలం తర్వాత ఎవరు అడిగేవారు?

పుస్తకం మూసేసరికి నా తప్పు నాకు తెలిసివచ్చింది. ఆ పిల్ల పాట వినకుండానే నేను ఆమె ముఖం తీశాను!

ఆదివారం పొద్దున్నే కెమేరా సంచీ తగిలించుకుని బస్సెక్కాను. నంద్యాలనుంచి ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్లు ఉంటుంది. ఎడమచేతివైపు దూరంగా నల్లమల కొండలు మనతోపాటే వస్తూ ఉంటాయి. సిరివెళ్ల దాటాక ఇంకెంతో దూరం ఉండదు.

శిల్పి ఇంటి ముందు రేకుల పందిరి ఉన్నది. దానికింద నల్లరాతి విగ్రహాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒకదానికి ముఖం వచ్చింది, చేతులు ఇంకా రాలేదు. ఒకదానికి చేతులు వచ్చాయి, ముఖం ఇంకా రాయిగానే ఉన్నది. మధ్యలో తంబుర పట్టుకున్న ఒక విగ్రహం సగం దాకా తయారయింది.

"అన్నమయ్య సార్!" అన్నాడు శిల్పి.

"అన్నమయ్యకు ఫొటో లేదు కదా! ముఖం ఎట్లా చెక్కుతావు?" అని అడిగాను.

పిల్లలూ, అన్నమయ్య 1408లో పుట్టి 1503 దాకా బతికాడంటారు. ఫొటో తీసే విద్య లోకానికి వెల్లడయింది 1839లో. కనుక ఆయన ఫొటో ఉండే అవకాశమే లేదు. తిరుమల గుడిలో, ఆయన పాటల రాగిరేకులు దాచిన అరకు ఇరుపక్కలా రెండు శిల్పాలు ఉన్నాయి. అవి అన్నమయ్యవీ, ఆయన కొడుకువీ అని పెద్దలు చెబుతారు. ఈ ఆళ్లగడ్డకు దగ్గరలోనే ఉన్న అహోబిలం మఠానికి చెందిన శఠకోపయతి దగ్గర అన్నమయ్య వేదాంతం చదువుకున్నాడని కూడా చెబుతారు.

శిల్పి నవ్వి, "ముఖం మనకు తెల్దు సార్. కానీ పాడే మనిషి ఎట్ల ఉంటాడో తెలుసు. చూడండి" అని విగ్రహం మెడమీద వేలు పెట్టాడు. "పై స్వరం పట్టేటప్పుడు ఈ నరం లేస్తాది. గడ్డం కొంచెం ముందుకు వస్తాది. కనుబొమలు ఇట్ల దగ్గరికి పోతాయి. నోరు మూసుకుని ఎవురూ పాడరు కదా! మా పాప సాధన చేస్తాంటే చూసి చెక్కినా ఇదంతా. మీ ఫొటోలో గొంతు లేదన్నది ఇందుకే" అన్నాడు.

ఒక పాటగాడి మెడను అంత శ్రద్ధగా నేను ఎన్నడూ చూడలేదు. సిగ్గు వేసింది.

"పాప ఎక్కడ?" అన్నాను.

ఇంటి లోపల తలుపుచాటున ఉన్నది. నన్ను చూసి రాలేదు. నేను పిలవలేదు కూడా. కెమేరా సంచీలోనే ఉంచి, ఒక రాతిదిమ్మెమీద కూర్చున్నాను. గంట గడిచింది. వాళ్ల అవ్వ మజ్జిగ ఇచ్చింది, తాగాను. ఇద్దరు పనివాళ్లు ఉలితో కొడుతున్నారు - టక్, టక్, టక్, టక్. ఆ చప్పుడుకు తాళం వేస్తున్నట్టు లోపలినుంచి సన్నగా పాట మొదలయింది. కాసేపటికి ఆ పిల్ల పాడుతూ పాడుతూ బయటికి వచ్చి, రోజూ కూర్చునే చోటు కాబోలు, అన్నమయ్య విగ్రహం పక్కన కూర్చున్నది. నన్ను మరిచిపోయింది. అప్పుడు మెల్లగా కెమేరా తీశాను.

ఇక్కడ మీకు కొంచెం సైన్సు చెప్పాలి. కెమేరాలో వెలుగును కొలిచే పనిముట్టు ఒకటి ఉంటుంది. ఎంత వెలుగును లోపలికి రానివ్వాలో అదే లెక్క కడుతుంది. అయితే పాపం, దానికి నల్లవస్తువేదో తెల్లవస్తువేదో తెలియదు. ఎదురుగా ఉన్నదంతా మధ్యరకం బూడిదరంగే అనుకుంటుంది. ఫొటోగ్రాఫర్లు కొలతకు వాడే బూడిదరంగు అట్ట తనమీద పడిన వెలుగులో నూటికి 18 వంతులు తిప్పికొడుతుంది. ఇంచుమించు అలాంటి రంగన్నమాట. నల్లరాతి విగ్రహాల ముందు కెమేరా పెడితే, "అయ్యో, చీకటిగా ఉన్నదే!" అనుకుని అది ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది. దానితో నల్లరాయి బూడిదరంగుకు తిరుగుతుంది. నల్లని ముఖం వెలవెలబోతుంది.

మొదటి ఫొటో నాకు అలాగే వచ్చింది. కంప్యూటరు దగ్గర నేను కావాలని చేసిన తప్పునే ఇక్కడ కెమేరా తెలియక చేసింది! వెంటనే వెలుగును సగానికి తగ్గించాను. అప్పుడు నల్లరాయి నల్లగా, నిగనిగలాడుతూ వచ్చింది. ఆ పిల్ల చెంపమీద పందిరి అంచునుంచి పడే వెలుతురు తీగలాగా కనబడింది. ఒక పక్కనుంచి వెలుతురు పడితే ముఖంలో ఎత్తుపల్లాలు తెలుస్తాయి. స్టూడియోలో రెండువైపులా లైట్లు పెట్టి నేను ఆ నీడలన్నిటినీ చంపేశాను. శిల్పి చెప్పిన నరం కనబడాలంటే దానిపక్కన నీడ ఉండాలి కదా!

ఇంకొక చిక్కు వచ్చింది. పందిరికింద వెలుతురు తక్కువ. వెలుతురు తక్కువయితే కెమేరా రెప్ప ఎక్కువసేపు తెరిచి ఉండాలి. అలా ఉంచితే కదిలే వస్తువు చెరిగిపోతుంది. సెకనులో 125వ వంతుసేపు తెరిచి ఉంచాను. ముఖం స్పష్టంగా వచ్చింది. తొడమీద తాళం వేస్తున్న చేతివేళ్లు మాత్రం కొంచెం చెరిగాయి. పాతరోజులలో అయితే ఆ ఫొటో పారేసేవాణ్ణి. ఇప్పుడు ఉంచుకున్నాను. పాడేవాళ్ల చెయ్యి కదులుతుంది మరి!

పాట ఆగాక ఆమె నన్ను చూసి ఉలిక్కిపడింది. కెమేరా వెనకవైపు ఉన్న చిన్న తెరమీద ఫొటో చూపించాను. అందులో ఆమె నోరు తెరిచి ఉన్నది. కనుబొమలు దగ్గరికి వచ్చాయి. మెడమీద నరం లేచింది. నుదుటిమీద గాటు ఉన్నది. పక్కదానిమీదికి ఎక్కిన పన్ను స్పష్టంగా కనబడుతున్నది.

ఆమె ఏమీ అనలేదు. నాకు భయం వేసింది.

"నీకు నచ్చకపోతే చెరిపేస్తానమ్మా. నువ్వు ఒప్పుకోకుండా ఎవరికీ ఇవ్వను" అన్నాను.

ఆమె కెమేరా పట్టుకుని పరుగెత్తుకుంటూ లోపలికి పోయింది. "అవ్వా! చూడు, పాడేటప్పుడు నేను నీ మాదిరే ఉండా!" అని అరిచింది. లోపలినుంచి ఇద్దరి నవ్వులూ వినబడ్డాయి. అవ్వకు కూడా ముందుపన్ను అలాగే పక్కదానిమీదికి ఎక్కి ఉన్నది. మజ్జిగ ఇచ్చినప్పుడు ఆమె నాతో నవ్వుతూ మాట్లాడింది, అయినా నేను చూడలేదు. ముఖాలను గురించి నాకు అన్నీ తెలుసునని చెప్పాను కదూ!

కరపత్రంలో ఆ ఫొటోనే వేశారు. "నోరు తెరిచిన ఫొటో ఏమిటి? వేరేది లేదా?" అని ఒకరిద్దరు అడిగారు. "పాడటానికి వస్తున్నది కదండీ" అని చెప్పాను.

సభనాడు నేను అయిదో వరసలో కూర్చున్నాను. మొదట కొంచెం గొంతు వణికింది. ఒకచోట తాళం తప్పబోయి సర్దుకున్నది. ఆ తర్వాత కళ్లు మూసుకున్నది. ఇక ఆమెకు మేమెవరమూ లేము. నా ముందు కూర్చున్న ఒక ముసలాయన కరపత్రం చేతిలో పట్టుకుని, ఒకసారి దానివంకా ఒకసారి వేదికవంకా చూసి తల ఊపాడు. ఆనాడు నేను కెమేరా తీసుకుపోలేదు. ఊరికే విన్నాను.

ఇప్పుడు ఈ నెల మీరు చేయవలసిన పని. ఇంట్లో పెద్దవాళ్ల ఫోను అడిగి తీసుకోండి. ఒక నల్లగొడుగును విప్పి, ఫోను తెరలో అదొక్కటే నిండేటట్టు ఫొటో తీయండి. తర్వాత ఒక తెల్లతువాలును కూడా అలాగే, అదే చోట, అదే వెలుతురులో తీయండి. నలుపు కొంత తెల్లబడి, తెలుపు కొంత మాసి, రెండూ బూడిదరంగు వైపు జరగటం మీకే తెలుస్తుంది. తర్వాత ఫోను తెరను తాకి, వెలుగును తగ్గించీ పెంచీ వాటి అసలు రంగులు వాటికి తెచ్చిపెట్టండి.

అది అయ్యాక, మీ ఇంట్లో ఏదైనా పని బాగా చేసేవారి దగ్గర - దోసెలు పోసే అమ్మ కావచ్చు, పద్యాలు చదివే తాత కావచ్చు, మగ్గం నేసే నాయన కావచ్చు - ముందు అడిగి, అరగంటసేపు ఫోను జేబులో పెట్టుకుని ఊరికే కూర్చోండి. వాళ్లు మిమ్మల్ని మరిచిపోయాక ఒక్కటంటే ఒక్క ఫొటో తీయండి. తీసింది వాళ్లకు చూపించి, ఉంచమంటే ఉంచండి, వద్దంటే తీసేయండి. ఉంచినదాన్ని మాత్రం భద్రంగా దాచండి. దాని విలువ ఇరవై ఏళ్లకు గాని తెలియకపోవచ్చు.

వచ్చే నెల, నీళ్లలో పెట్టిన కర్ర ఎందుకు విరిగినట్టు కనబడుతుందో చెప్పుకుందాం.

మీ ఫొటోమామయ్య